రోజుకు రెండు పెళ్ళిళ్ళు

“ఇంకొకడి పెళ్ళాన్ని మేమెలా అడుగుతామయ్యా?”

మఖాన్యా ఆ ఒక్క మాటా అని టోపీ తలకు పెట్టుకున్నాడు. వెంట వచ్చిన ఇద్దరినీ లేపి, పెద్దగుడిసె పొట్టి వాకిట్లోంచి వంగి బయటికి నడిచాడు.

వెళ్ళిపోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. కంచె అవతల బండరాళ్ళ మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. జుంగు వాళ్ళ తరఫున పిల్లనడగడానికి వచ్చిన పెద్దలు, చాప మీద నుంచి లేచి, టీ కూడా ముట్టకుండా కంచె అవతల కూర్చున్నారంటే కొండ మీది నలభై ఇళ్ళకూ తెలిసిపోతుంది. అప్పుడే పక్కింటి మేకల దొడ్డి దగ్గర ఇద్దరాడవాళ్ళు పనేమీ లేకుండా నిలబడి ఉన్నారు.

గుడిసెలో మిగిలింది ముగ్గురు. కుడివైపు మగవాళ్ళ చాప మీద ఇంటి పెద్ద బెకిథెంబ బియెలా. ఎడమవైపు చచ్చిపోయిన అతని తమ్ముడి భార్య మాఖోజా. గోడవారగా అతని తల్లి మాసిబియా. ముసలమ్మ ఒళ్ళో సగం అల్లిన ఎర్రటోపీ ఉంది, పెళ్ళయిన ఆడవాళ్ళు పెట్టుకునే వెడల్పాటి టోపీ. మఖాన్యా అంత మాటన్నప్పుడు కూడా ఆమె సూది ఆగలేదు.

పిలవందే పెళ్ళికూతురు పెద్దల ముందుకు రాకూడదు కాబట్టి మాఖోజా కూతురు జిబుయిలే వంటగుడిసె తలుపు పక్కన నిలబడి అంతా వింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.

“చెప్పండి బావగారూ,” అంది మాఖోజా. “ఇప్పుడేం చేద్దాం?”

“చేసేదేముంది? అది ఆట. ఆటని పెళ్ళంటే నేనేం చెయ్యను?”

“ఆట అని వాళ్ళకీ తెలుసు. ఆ ఆటలో మీరు చెప్పిన పేర్లు ఆట పేర్లు కావు కదా, అదీ వాళ్ళ బాధ.”



పెళ్ళికొడుకు ల్వాజి జుంగును పెంచిన మేనత్త, ఇక్కడ రోజూ ఆడి చూపించే పెళ్ళి ఆటకు పోయిన బుధవారం టూరిస్టుల బస్సులో వచ్చింది. అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, నాలుగో వరసలో కూర్చుంది. ఎవరూ ఆనవాలు పట్టలేదు. తన ఇంటికి కోడలు కావలసిన పిల్ల పూసల దుస్తుల్లో, చిన్నకత్తి పైకెత్తి పట్టుకుని, పెళ్ళికొడుకు వేషం వేసిన ఖులెకాని అనే వాడి ఎదుట నాట్యం చెయ్యడం చూసింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత అందరితోపాటు పెద్దగుడిసెలోకి వచ్చింది. అక్కడ బెకిథెంబ గుడిసె వెనక భాగాన, చనిపోయిన పెద్దలుండే చోట మోకాళ్ళ మీద కూర్చుని, ఆకు కాల్చి పొగవేసి, బియెలా పెద్దలను పేరుపేరునా పిలిచాడు. తాత తండ్రి, తాత, ఆఖరికి తన సొంత తండ్రి. ‘మీ బిడ్డను ఇస్తున్నాం, మనస్ఫూర్తిగా విడిచిపెట్టండి’ అన్నాడు.

ఆ మేనత్త అద్దాలు తీసేసింది. మిగతా ఆట చూడకుండా బయటికి వచ్చేసింది.

“మొదటిరోజే చెప్పాను,” అంది మాఖోజా. “ఏవో నాలుగు దొంగపేర్లు అల్లి చెప్పండీ అని. ఆ వచ్చేవాళ్ళకేం తెలుసు? జొన్న రకాల పేర్లు చదివినా ఫొటోలు తీసుకుంటారు.”

“నోరు రాలేదు.”

“ఏం?”

“ఆ పొగ ముందు కూర్చుని అబద్ధం పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు మరదలా!”

“నిజం పేర్లు చెప్పి అబద్ధం పెళ్ళి చెయ్యడానికి మాత్రం వచ్చిందా?”

బెకిథెంబ చివాలున లేచాడు. గుడిసెలో నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. పొడగరి కావడంతో తిరిగిన ప్రతిసారీ తల కప్పు దూలానికి తగలకుండా వంచుకుంటున్నాడు.

వంటగుడిసెలో జిబుయిలే ఫోను మళ్ళీ వణికింది. ఈసారి తీసింది.

“ఏమయింది?” ల్వాజి గొంతు. వెనక ఆసుపత్రి చప్పుళ్ళు. ఎషోవెలో నర్సు అతను. “మఖాన్యా ఫోనెత్తడం లేదు.”

“ఎందుకెత్తుతాడు? కంచె అవతల రాయి మీద కూర్చున్నాడు. మీ మేనత్త ఏం చెప్పి పంపిందో నీకు తెలుసా?”



“తెలుసు.”

“తెలిసే ఊరుకున్నావా?”

“చూడు జిబు, నాకు ఆ పట్టింపులేవీ లేవు. నేనూ వచ్చి చూశాను కదా ఆ ఆట, చప్పట్లు కూడా కొట్టాను. కానీ అత్త మూడు రోజులుగా అన్నం తినడం లేదు. ఒక మేకను కోసి, మీ పెదనాన్న పెద్దలకు తప్పు చెప్పుకుని, ఆ ఖులెకాని వాళ్ళింటి పెద్ద వచ్చి ‘ఈ పిల్ల మాది కాదు’ అంటే అయిపోతుంది. నువ్వు ఆ బట్టలు మళ్ళీ కట్టకుండా ఉంటే చాలు.”

“ఆ బట్టలు కట్టకుండా ఉంటే చాలా?”

“ఒక్క మాట జిబు...”

“చిన్నపిల్లల బడిలో మధ్యాహ్నం జావ ఎక్కడి నుంచి వస్తోందనుకున్నావు? మీ అత్త వండి పంపిస్తోందా?”

అని పెట్టేసింది. పెట్టేశాక ఫోను వంక చూస్తూ నిలబడింది. అతను మళ్ళీ చేస్తాడనుకుంది. చెయ్యలేదు.

ఇంతలో వాకిట్లో నవ్వు వినిపించింది. ఖులెకాని వచ్చాడు, పదకొండు గంటల ఆటకు చిరుతపులి తోలు భుజాన వేసుకుని. వెనకే అతని భార్య నోంజామో, చంకలో చిన్నది. కబురు అప్పుడే అంది ఉంటుంది. వంటగుడిసె ముందే ఆగి నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఏమే సవతీ! బాగున్నావా?”

“నోంజామో, నీకు పుణ్యముంటుంది, ఇప్పుడొద్దు.”

“అదేంటమ్మా! రెండేళ్ళబట్టి రోజుకు రెండుసార్లు నా మొగుడిని చేసుకుంటున్నావు. ఒక్కరోజైనా వచ్చి నా ఇల్లు ఊడ్చావా? పెద్దభార్యకు కడివెడు నీళ్ళు తెచ్చిచ్చావా?”

“నోరు మూసుకోవే,” అన్నాడు ఖులెకాని, ముఖం కందగడ్డ చేసుకుని.

“నువ్వు మూసుకో. నీకే కదా లాభం!”

జిబుయిలేకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నోంజామో అది చూసి గొంతు తగ్గించింది. చిన్నదాన్ని మొగుడి చేతికిచ్చి దగ్గరికి వచ్చింది.

“నిజంగా అంత దూరం వెళ్ళిందా?”

“కంచె అవతల కూర్చున్నారు. ఈ రోజు నేను ఆ దుస్తులు వేసుకుంటే లేచి వెళ్ళిపోతారు.”

మాఖోజా పెద్దగుడిసె నుంచి గబగబా వచ్చింది. ఆమె చేతిలో పూసల పట్టీలు, మోకాళ్ళకు కట్టే గజ్జెకాయలు. ఆరేళ్ళ కిందట ఈ ఆటను పుట్టించింది ఆమే. ముందు నలుగురు ఆడవాళ్ళు, రెండు గుడిసెలు, ఇప్పుడు కొండంతా. కొండ మీదికి కొళాయి తెచ్చిందీ, చిన్నపిల్లల బడి కట్టించిందీ, ఆరుగురు ఆడపిల్లలను పట్నంలో చదివిస్తున్నదీ ఆ ఆటే.

“నోంజామో, మీ చెల్లెల్ని పిలు. ఈ ఒక్కరోజుకీ అది వేస్తుంది వేషం. నాట్యమంతా దానికి వచ్చు.”

నోంజామో తల అడ్డంగా ఊపింది.

“ఏం?”

“నిన్నటిదాకా ఆటే పిన్నీ. మఖాన్యా లాంటి మనిషి నోటి వెంట ఆ మాట వచ్చాక ఇంకా ఆటేనా? మా అమ్మ పంపదు. కొండ మీద ఏ తల్లీ పంపదు. రేపు వాళ్ళ పిల్లల్ని అడగడానికి వచ్చినవాళ్ళు కూడా వెళ్ళి ఆ రాళ్ళ మీదే కూర్చుంటే?”

మాఖోజా గజ్జెకాయలను ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఆమె కూతురి వైపు తిరిగింది.

“అయితే నువ్వే కట్టుకో.”

“అమ్మా!”

“పదకొండుకి డర్బన్ నుంచి బస్సొస్తోంది. నలభైమంది. వాళ్ళను గేటు దగ్గర నిలబెట్టి, మా ఇంట్లో గొడవగా ఉంది వెళ్ళిరండి అని చెప్పమంటావా? ఒక్కసారి అలా జరిగితే ఆ బస్సు మళ్ళీ ఈ కొండెక్కదు.”

“కట్టుకుంటే ఆ ముగ్గురూ లేచిపోతారు. మళ్ళీ రారు.”

“వాళ్ళు రాకపోతే ఇంకొకరు వస్తారు.”

అనేసింది. అన్నాక తనకే వినిపించినట్టుంది, పెదవి కొరుక్కుంది. జిబుయిలే తల్లిని రెప్ప వెయ్యకుండా చూసింది.

“నన్ను అమ్ముకుంటున్నానంటావు, అంతేనా?” అంది మాఖోజా.

“నేనా మాట అనలేదు.”

“అనలేదు. అనుకున్నావు.”

తల్లీకూతుళ్ళ మధ్య పొయ్యి చిటపటలాడింది. నోంజామో మొగుడి చెయ్యి పట్టుకుని మెల్లగా అవతలికి తప్పుకుంది.

“బావగారిని అడుగుదాం పద,” అంది మాఖోజా, గొంతు మార్చి. “మేక మన దొడ్లోనే ఉంది. ఆయన తప్పు చెప్పుకుంటే వాళ్ళు దిగివస్తారు. ఆ తర్వాత ఆటలో పేర్లు మార్చుకుంటాం.”

ఇద్దరూ పెద్దగుడిసెలోకి వంగి వెళ్ళారు. బెకిథెంబ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. మరదలు చెప్పింది పూర్తిగా వినకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

“తప్పు చెప్పుకోవడమా? ఏమని? ఆరేళ్ళు మీతో ఆటలాడాను క్షమించండి అనా?”

“మాటవరసకి...”

“మాటవరసకి నేనేదీ అనలేను, అదే కదా నా ఖర్మ! రోజూ ఆ పొగ ముందు కూర్చున్నప్పుడు నేను ఆటలో లేను. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నేను మా నాన్నతో మాట్లాడుతున్నాను. కొళాయి వచ్చిన రోజు చెప్పాను, బడి తలుపులు పెట్టిన రోజు చెప్పాను. పిల్లను ఇస్తున్నానన్నది ఒక్కటే ఉత్తమాట, ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియదని నేను ఇప్పుడు మేకను కోసి ఒప్పుకోవాలా? బియెలా మనిషిని నేను. నా పెద్దలేమిటో నాకు తెలుసు.”

“మీ పంతం కోసం నా కూతురు...”

“పంతం కాదు!”

“వాళ్ళు వినలేదు,” అంది మాసిబియా.

అంత మెల్లగా అంది కాబట్టి ఇద్దరూ ఆగిపోయారు. ముసలమ్మ సూదిని టోపీ అంచులో గుచ్చి పక్కన పెట్టింది.

“ఎవరమ్మా?”

“నువ్వు పిలిచినవాళ్ళు. వినలేదు. వినాల్సిన పని వాళ్ళకు లేదు.”

“ఏమంటున్నావు?”

మాసిబియా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అలవాటైన పని లేక వేళ్ళు ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి.

“మీ నాన్న నాకిచ్చే ఓలిగా మా పుట్టింటికి రెండు ఆవుల్ని తోలించాడు. మొదటి విడత. పదకొండులో రెండు. నది పొంగి ఉంది. మా ఇల్లు నదికి అవతల. ఆ రెండూ నది దాటలేదు.”



“మళ్ళీ తోలుతామన్నారు. ఆ తర్వాతి ఏడు వానలు పడలేదు. మరుసటి ఏడు నువ్వు నా కడుపులో ఉన్నావు. మా అన్న చూస్తే చంపుతాడని మూట కట్టుకుని నేనే నడిచి వచ్చేశాను. మీ నాన్న బంగారు గనుల్లోకి వెళ్ళి, మిగతావి సంపాదించుకొస్తానన్నాడు. రెండుసార్లు వచ్చాడు. నీ తమ్ముడు పుట్టాడు. మూడోసారి పెట్టె వచ్చింది.”

“అమ్మా...”

“మా మామ మంచివాడు. ‘ఉండిపో, ఎవరికీ చెప్పక్కర్లేదు’ అన్నాడు. ఆయన పోయాడు, మా అత్త పోయింది, మా అన్న పోయాడు. తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్ని.” ఆమె ఎర్రటోపీ వైపు గడ్డంతో చూపించింది. “ఇలాంటివి ఆ వచ్చేవాళ్ళ తలల కోసం ఎన్ని అల్లానో. నా తల మీద ఎప్పుడైనా చూశావా ఒకటి? తలనొప్పి అంటే నమ్మారు మీరంతా. పెట్టుకునే హక్కు నాకు లేదురా. నా కోసం ఎవరూ నాట్యం చెయ్యలేదు. ఒక్క ఆవు కూడా మా గడప తొక్కలేదు.”

బెకిథెంబ దూలాన్ని పట్టుకున్నాడు.

ఆవులు దాటకపోతే పిల్లలు తండ్రి ఇంటివాళ్ళు కారు. తల్లి పుట్టింటివాళ్ళు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేని సంగతి. ఆట చివర టూరిస్టులకు అతను స్వయంగా వివరించే సంగతి.

“అంటే నేను...” అన్నాడు.

“సిబియావి, నా పుట్టింటి వంశం వాడివి. మా అన్నదమ్ముల లెక్కలో వాడివి. నీ తమ్ముడూ అంతే. వాడి కూతురూ అంతే.” మాసిబియా మనవరాలి వైపు చూసింది. “బియెలా పెద్దలు సిబియా పిల్లని ఎవరికీ ఇవ్వలేరు. ఇచ్చినా చెల్లదు. వెళ్ళి మఖాన్యాకు ఆ మాట చెప్పు. మేక కూడా అక్కర్లేదు.”

మొదట తేరుకున్నది మాఖోజా. వాకిలి దాకా వెళ్ళి బయటికి తొంగిచూసి, ఎవరూ దగ్గరలో లేరని చూసుకుని వచ్చింది.

“ఈ మాట ఈ గుడిసె దాటకూడదు.”

“దాటకపోతే నీ కూతురు విడుదల కాదు కోడలా,” అంది మాసిబియా.

“దాటితే ఈ నేల ఎవరిదత్తయ్యా? బియెలా కొడుకులని ఊరి పెద్ద ఇచ్చిన నేల ఇది. ఆట ఆడేది ఇక్కడ. బడి ఉన్నదిక్కడ. కొళాయి ఉన్నదిక్కడ. బియెలాలే కారని తెలిస్తే...” ఆమె అత్త వైపు తిరిగింది. “యాభై ఏళ్ళకు పైగా దాచారు కదా. ఇంకొక్క రోజు దాచలేకపోయారా?”



జిబుయిలే నాయనమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ వేళ్ళను తన చేతుల్లోకి తీసుకుంది. చల్లగా ఉన్నాయి.

“నా కోసం చెప్పావా నాయనమ్మా?”

“నీ కోసమే అని చెప్పుకుంటాను,” అంది మాసిబియా. “అదీ నిజమే. కానీ ఇంకోటుంది. రోజుకు రెండుసార్లు నీకు పెళ్ళవుతుంటే ఈ గోడవారన కూర్చుని చూశాను తల్లీ. ఆటేనని తెలుసు. అయినా మొదట్లో ఒక్కొక్కరోజు లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. నువ్వు గమనించలేదు.”

కొండ కింద మలుపులో బస్సు హారన్ మోగింది. ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా. ఆ డ్రైవరు ఎప్పుడూ అలాగే కొడతాడు. బయట ఆడవాళ్ళు డప్పులు దింపుతున్న చప్పుడు. ఎవరో “మాఖోజా!” అని పిలుస్తున్నారు.

మాఖోజా కళ్ళు తుడుచుకుంది. చేతిలోని పూసల పట్టీలను చూసుకుంది, ఇంకా తన చేతిలోనే ఉన్నాయని అప్పుడే తెలిసినట్టు. వాటిని కూతురి పక్కన చాప మీద పెట్టింది. వేసుకోమనలేదు, వద్దనలేదు.

“బావగారూ, మీరు ఇంటికి పెద్ద. బాగా ఆలోచించుకోండి,” అని వాకిట్లోంచి వంగి బయటికి వెళ్ళింది. మరుక్షణం ఆమె గొంతు వాకిట్లో స్వాగతం పాట ఎత్తుకుంది. ఎక్కడా వణకలేదు. మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు.

బెకిథెంబ అక్కడే నిలబడ్డాడు. ఒకసారి గుడిసె వెనక భాగం వైపు చూశాడు. నిన్నటి ఆకు బూడిద అక్కడ పెంకులో ఉంది. అటు ఒక అడుగు వేశాడు, మళ్ళీ వెనక్కి తీశాడు.

“ఆయన నా తండ్రే కదా అమ్మా?”

“నీ తండ్రే. అందులో అబద్ధం లేదు.”

“ఆయన నన్ను ఏమని పిలిచేవాడు?”

“బెకి అని.”

తల ఊపాడు. తల్లి పాదాల దగ్గర వంగి, కింద పడిన ఎర్రదారం ఉండను తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. తర్వాత బయటికి నడిచాడు. జిబుయిలే వెనకాలే వాకిలి దాకా పాకినట్టు వచ్చి ఆగిపోయింది.

ఒకవైపు బస్సు దిగుతున్నవాళ్ళు, పాట, చప్పట్లు. ఇంకోవైపు కంచె. మఖాన్యా రాయి మీద నుంచి లేచి నిటారుగా నిలబడ్డాడు. బస్సు చూశాక అతని సహనం అయిపోయినట్టుంది. మర్యాద మాత్రం తప్పలేదు. బియెలాలను గౌరవించి పిలిచే వంశం పేరుతోనే గొంతెత్తాడు.

“మెంజీవా! ఎండెక్కింది. మా మాటకు మాట చెప్పండి.”

బెకిథెంబ వాకిలి మధ్యలో ఒక్క క్షణం ఆగాడు. మాఖోజా పాట పాడుతూనే తల తిప్పి అతని వైపు చూసింది. ఆ చూపు బతిమాలుతోంది.

అతను వెళ్ళి గేటు గడియ తీశాడు.

“లోపలికి రండి,” అన్నాడు. “మీరడిగినదానికి జవాబుంది. మా అమ్మ చెబుతుంది. ఒక్కటి మాత్రం... నన్ను ఆ పేరుతో పిలవకండి.”

మఖాన్యా చెయ్యి టోపీ మీదే నిలిచిపోయింది. వెనక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“మరి ఏమని పిలవాలి?”